కోళ్లు కుట్టిన తోడికోడళ్లు

వంటపనికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "అవ్వా, కోడిని ముక్కలు కొట్టకుండ అట్లనే లోపల నింపి, కుట్టి, కాలుస్తరట గదా. మీ హాస్టల్ల క్రిస్మస్‌కు చేసేటోళ్లంట. ఎట్ల?" అని అడుగుతారు. ఫోన్‌లో చూసి కూడా చేయొచ్చు, కాదనను. ఎంత పసుపు, ఎంత అల్లం, ఎంతసేపు సెగ, అన్నీ అందులో చెప్తారు. కానీ కోడిని నింపి కుట్టడం ఒక్క మనిషి పని కాదు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కుట్టాలి. ఆ పట్టుకునే మనిషి గురించి ఎవరూ చెప్పరు. అందుకే నేను చెప్తున్నాను.

నేను మూడో తరగతి దాకానే చదివాను. గద్వాలలో ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో చేరినప్పుడు నాకు ఇంకా పెళ్లి కాలేదు. బయటికి వచ్చేటప్పటికి మనవరాలు బడికి పోతోంది. ఆ హాస్టల్లో పిల్లలందరూ కూలి చేసుకునే ఇళ్లవాళ్లే. తల్లిదండ్రులు ముంబయి, పుణె దిక్కు వలసపోతే పిల్లలు మా దగ్గర ఉండేవాళ్లు. క్రిస్మస్‌కు ఆ తల్లిదండ్రులు దిగివచ్చి, చర్చిలో ఆరాధన కాగానే హాస్టల్లో పిల్లలతో కలిసి భోంచేసేవాళ్లు. ఏడాదంతా ఎదురుచూసే భోజనం అది.

వంటింట్లో మేం ముగ్గురం. పెద్దక్క, చిన్నక్క, నేను. పెద్దక్క, చిన్నక్క ఒకే ఇంటి తోడికోడళ్లు. వాళ్లకంటే ముందు ఆ వంటింటిని ఏలింది వాళ్ల అత్త. ఎప్పుడో హాస్టల్ నడిపిన ఒక తెల్ల దొరసాని దగ్గర ఆమె ఈ కోడి వంట నేర్చుకుందట. దొరసాని కోడి లోపల రొట్టె పొడి నింపేదట. అత్తకు అది నచ్చలేదు. "ఎండిన రొట్టె దింటె కోడికే గొంతు పట్టుకుంటది" అని రొట్టె తీసేసి, సగం ఉడికిన బియ్యం, వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, పుదీన, సన్నగా తరిగిన కార్జం, కందనకాయ వేసింది. నడిమధ్యన ఒక ఉడికిన గుడ్డు పెట్టింది. దొరసాని తిని, మారు అడిగి తిన్నదని మా వంటింట్లో చెప్పుకునేవాళ్లు.

అత్త మహా తెలివైన మనిషి. ఒక్క కోడలికి విద్యంతా నేర్పితే రెండోదాన్ని వంటింట్లోంచి నెట్టేస్తుందని ఆమె భయం. అందుకని పెద్ద కోడలికి కుట్టడం నేర్పింది, చిన్న కోడలికి లోపల కూరే ముద్ద నేర్పింది. కుట్టడమేముంది అనుకోకండి. బిగించి కుడితే లోపల బియ్యం ఉబ్బి తోలు పగులుతుంది. వదులుగా కుడితే రసమంతా కారిపోయి కోడి ఎండుతుంది. పెద్దక్క మగ్గాల ఇంటి నుంచి నూలుదారం తెచ్చుకొని, నెయ్యి రాసి, చీర అంచు కుట్టినట్టు కుట్టేది. చిన్నక్క ముద్దలో ఉప్పు ఎప్పుడూ చేత్తోనే చూసేది, నోట్లో పెట్టుకునేది కాదు. ఒకరు లేకుండా ఇంకొకరి పని పనికిరాదు. అత్త అనుకున్నది అదే.

ఆమె అనుకోనిది ఒకటి జరిగింది. అత్త చనిపోయినప్పుడు చిన్నక్క ఉప్పునుంతలలో పుట్టింట్లో ఉంది. మన ఇళ్లలోకి ఫోన్లు ఇంకా రాలేదు. ఆమె వచ్చేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. "పిడికెడు మన్ను గూడ ఎయ్యనియ్యలె నన్ను" అని ఏడ్చి, ఆ రోజు నుంచి పెద్దక్కతో మాట మానేసింది. పెద్దక్క కబురు పంపానంటుంది. చిన్నక్క అందలేదంటుంది. "పంపిన అంటె నమ్మనిదానితోటి నాకేం మాట" అని పెద్దక్క కూడా నోరు కట్టేసుకుంది. కానీ ఇద్దరూ రోజూ ఒకే పొయ్యి ముందర నిలబడాలి. వాళ్ల మధ్యన నేను.

"ఓ పిల్లా, పప్పుల ఉప్పు జర ఎక్కువైందని ఆమెకు చెప్పు."

ఆమె అక్కడే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడి ఉండేది. నేను నోరు తెరవకముందే జవాబు వచ్చేది.

"ఆమె నాలుక ఎప్పుడు సక్కగున్నదో అడుగు పిల్లా."

"నా నాలుక సక్కగనే ఉన్నది, ఆమె చెయ్యే సక్కగ లేదని చెప్పు."

మొదట్లో నేను పిచ్చిదానిలాగా ఇటు మాట అటు, అటు మాట ఇటు నిజంగానే మోసేదాన్ని. తర్వాత మోయడం మానేసి ఉల్లిగడ్డలు తరుక్కుంటూ కూర్చునేదాన్ని. నేను అక్కడ ఉంటే చాలు, వాళ్ల మాటలు వాళ్లే చూసుకునేవాళ్లు. ఒకసారి నాకు జ్వరమొచ్చి పనికి పోలేదు. ఆ రోజు వంకాయకూరలో ఎవరూ ఉప్పు వేయలేదట. వేశావా అని అడుగుదామంటే నడుమ నేను లేను. పిల్లలు పాపం చప్పిడి కూర తిన్నారు.

కోళ్లు కుట్టే రోజు మాత్రం నా అవసరం ఉండేది కాదు. ఇద్దరూ గోనెపట్టా మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. చిన్నక్క కోడి కాళ్లు రెండూ ఎత్తి పట్టుకునేది. పెద్దక్క ముద్ద నింపేది, గుడ్డు నొక్కేది, కుట్టేది. ఎక్కడ తిప్పాలో, ఎక్కడ బిగబట్టాలో ఒకరి చేతికి ఇంకొకరి చెయ్యి చెప్పేది. మొహాలు మాత్రం చెరో గోడ వైపు.

ఆ కోళ్లు కూడా కొన్నవి కావు. కోత పండుగకు ధరూర్ దిక్కు ఊళ్లవాళ్లు వడ్లతో పాటు చర్చికి కానుకగా తెచ్చినవి. కొన్నిటిని క్రిస్మస్ దాకా మేం హాస్టల్ వెనుక మేపేవాళ్లం. ఏ కోడి ఎవరి ఇంటిదో మాకు తెలుసు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకటి ముసలిది. తోలు తీసేవాళ్లం కాదు. పసుపు రాసి, గడ్డి మంట మీద కాల్చి, తోలుతోనే చేసేవాళ్లం. తోలు లేకపోతే కుట్టు నిలవదు.

నేను చెప్పే ఏడాది వానాకాలంలోనే పెద్దక్క తేడాగా ఉండడం నేను గమనించాను. బియ్యంలో రాళ్లు కళ్లతో కాక వేళ్లతో ఏరేది. మజ్జిగ గ్లాసులో కాక పక్కన పోసేది. ఎవరైనా దూరం నుంచి పిలిస్తే మొహం వైపు కాక గొంతు వినిపించిన వైపు చూసేది. ఒకరోజు తనే చెప్పింది.

"కండ్లల్ల పొర వచ్చినట్లున్నది పిల్లా. ఎవ్వలికి చెప్పకు."

"దవాఖానకు పోదాం పెద్దక్కా."

"పోతె అందరికి తెలుస్తది. తెలిస్తె నాకు శాల్వ కప్పుతరు."

అంతకు ముందే, మోకాళ్లు పోయిన మా ఆయమ్మకు హాస్టల్ కమిటీ వాళ్లు శాలువా కప్పి, చప్పట్లు కొట్టి, ఇంటికి పంపించారు. అప్పటి నుంచి శాలువా అంటేనే పెద్దక్కకు గుండె దడ. భర్త ఎప్పుడో పోయాడు. ఉన్న ఒక్క బిడ్డ అత్తగారింట్లో ఉంది.

"ఇంటికి పోయి నేనేం చెయ్యాలె? గోడలతోటి మాట్లాడాల్నా? ఈడ ఆమె నాతోటి మాట్లాడకున్న, కనీసం ఆమె తిట్టేది ఇనవడ్తది" అంది.

నాకు నవ్వొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్ రోజు తెల్లవారుజాము ఆరాధనకు మేం ముగ్గురం పోయొచ్చి పనిలో దిగాం. మిగతా అందరూ పొద్దెక్కాక జరిగే పెద్ద ఆరాధనకు పోయారు. గోనెపట్టా పరిచేసరికి పెద్దక్క కూర్చునే చోట ఒక ఆలుగడ్డ ఉంది. దానికి సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి. ప్రతి సూదికీ దారం ఎక్కించి, ముడేసి ఉంది. ఖాళీ అయిన సూది గుచ్చడానికి పక్కన ఇంకో ఆలుగడ్డ.

పెద్దక్క వేళ్లతో తడిమి చూసింది. దారాలు ఎక్కించి ఉన్నట్టు తెలిసి, నా తల నిమిరింది.

"సల్లగుండు పిల్లా. నా పరేషాని నీకు తెలిసింది."

నేను దారం ఎక్కించలేదు. చిన్నక్క వైపు చూశాను. ఆమె పుదీన తెంపుతూ కళ్లతోనే ఉరిమింది. తర్వాత నల్లా దగ్గర నా చెయ్యి గిల్లి, "నేనని చెప్పినవంటె నీ నాలుక కోసి గంజుల ఏస్త" అంది. గంజు అంటే మేం కోళ్లు ఉడికించే పెద్ద గిన్నె.

"నీకెట్ల తెలిసింది చిన్నక్కా, ఆమెకు కనిపిస్తలేదని?"

"రోజు బియ్యం ఏరంగ ఎదురుంగ కూసుంట గదా. ఆమె ఇంతకుముందు గోడ దిక్కు జూస్తుండె. ఇప్పుడు నా దిక్కే జూస్తుంది. నేను గోడ అనుకుంటుంది."

పని జోరుగా సాగింది. చిన్నక్క పట్టుకోవడం, పెద్దక్క కుట్టడం. ఖాళీ సూది రెండో ఆలుగడ్డకు చేరగానే పెద్దక్క చూడకుండా చిన్నక్క దారం ఎక్కించి మొదటిదానికి గుచ్చేది. చూడకుండా అన్నాను గానీ, ఆమె చూసేది ఎక్కడ! కుట్టిన కోళ్లను నేను నేతి గంజుల్లో పేర్చి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేదాన్ని. కింద సెగ, పైన సెగ. కొన్ని అప్పటికే వాసన మొదలుపెట్టాయి.

ఆఖరి కోడి కూడా అయింది. చిన్నక్క సామాను సర్దుతూ ఆలుగడ్డలు చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. ఇంకోటి తిప్పి చూసింది. గోనెపట్టా దులిపింది. తన కొంగు, కాళ్ల కింద, రేకు తట్ట కింద వెతికింది. పెద్దక్క కొంగు చివర కూడా తడిమింది. నేను పారతో నిప్పులు ఎత్తుతున్నాను. ఆమె నా వైపు తిరిగి "ఓ పిల్లా" అని మొదలుపెట్టి ఆగిపోయింది. నా చేత చెప్పించడానికి అది ఉప్పు సంగతి కాదు.

"అక్కా," అంది. "ఒక సూది లేదు."

పెద్దక్క ఎవరో బయటి మనిషి వచ్చి పిలిచినట్టు వాకిలి వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా ఇటు తిరిగింది.

"ఏంది?"

"ఒక సూది తక్కువున్నది. నేను పెట్టినవి నాకు ఎరికె."

పెద్దక్క చేతులు ముందర వెతకడం మొదలుపెట్టాయి. ముద్ద కలిపిన తట్ట అంచు దగ్గర ఆగాయి.

"నడుమ ఒకపారి దారం అయిపోయిన సూది గీడ పెట్టిన, గుడ్డు తీస్కునేటందుకు" అంది. "తట్ట అంచుకు పెట్టిననా, ముద్దలనే పెట్టిననా... నాకు తెల్వదే."

ఆ తట్ట ఇప్పుడు ఖాళీ. ముద్దంతా కోళ్ల కడుపుల్లో ఉంది. కోళ్లు సగం గంజుల్లో, సగం పళ్లెంలో. అన్నీ ఒకే తీరుగా కుట్టి, బొద్దుగా, పండుగకు తయారై ఉన్నాయి.

"కుట్లు ఇప్పాలె" అంది చిన్నక్క. "అన్ని ఇప్పాలె."

"ఇప్పితె వార్డెనమ్మ అడుగుతది."

"అడుగనీ."

"అడిగితె నాకు శాల్వనే."

"అక్కా, ఏ పోరి గొంతులనన్న..."

"నేనొద్దన్ననా?" పెద్దక్క అరిచింది. "ఇప్పుమనే అంటున్న గదా! కత్తెర తే! దింపుర్రి గంజులు!"

నేను గంజులు దింపుతుంటే వాచ్‌మెన్ తాత వాసన పట్టుకొని వచ్చాడు. సంగతి విని, "కుట్లు ఎందుకు ఇప్పుతరు? తినేటప్పుడు ఎవ్వలికి దొరికితె వాళ్లకు బహుమతి అని చెప్పుర్రి" అన్నాడు. చిన్నక్క గరిటె ఎత్తింది. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా గేటు దగ్గరికి పోయాడు. కానీ ఊరుకోలేదు. చర్చికి పోయి వార్డెనమ్మ చెవిలో వేశాడు.

వార్డెనమ్మ ఆ ఏడే కొత్తగా వచ్చింది. ఎట్లాంటి మనిషో మాకు ఇంకా సరిగ్గా తెలియదు. పట్టుచీరలో, చేతిలో బైబిల్‌తో వంటింటి గడపలో నిలబడింది. కుట్లు తెంపిన కోళ్లు, తట్టల్లో గుమ్మరించిన ముద్ద చూసింది.

"ఎవరి చేతిలో పోయింది సూది?"

"నాదమ్మా" అంది చిన్నక్క. "నేను పారేసిన."

"నువ్వు కుట్టవు కదమ్మా?"

"ఈ ఏడు నేర్సుకుంటున్న."

"అబద్ధమాడకే, పండుగ పూట!" పెద్దక్క కసిరింది. లేచి నిలబడింది. వార్డెనమ్మ కుడివైపు ఉంటే ఆమె కాస్త ఎడమవైపుకు తిరిగి చెప్పింది. "సూది నాదమ్మా. నా కండ్లల్ల పొర వచ్చింది. నాలుగు నెలల సంది దాసిపెట్టిన. దారం గూడ ఎక్కిస్తలేను. పాపం ఈ పిల్లనే ఎక్కిచ్చింది."

నాలుక పోతే పోయింది అనుకున్నాను.

"నేను కాదు పెద్దక్కా. చిన్నక్క ఎక్కిచ్చింది."

పెద్దక్క చేతులకు నెయ్యి, ముద్ద అంటుకొని ఉంది. మోచేతితో కళ్లు తుడుచుకుంది. చిన్నక్క ఒక కోడిని అటు ఇటు తిప్పుతూ, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు చూస్తూ కూర్చుంది.

"శాల్వ కప్పుతరా అమ్మా?" పెద్దక్క అడిగింది.

వార్డెనమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత బైబిల్‌ను కిటికీలో పెట్టింది. కొంగు నడుముకు దోపింది. "నా దగ్గర శాలువా లేదు. ముందు సూది వెతుకుదాం" అని మాతో పాటు కూర్చుంది.

ఒక్కో తట్టలో ఒక్కో కోడి ముద్ద పోసుకొని వేళ్లతో జల్లించాం. బియ్యం, పల్లీలు, కొబ్బరి ముక్కలు, అన్నీ సూదిలాగానే గుచ్చుకునేవి. దొరకలేదు. మాటలు మాత్రం దొరికాయి.

"కబురు పంపిన నేను" అంది పెద్దక్క ఉన్నట్టుండి, తట్టలోనుంచి తల ఎత్తకుండా. ఏ కబురో మాకు ముగ్గురికీ తెలుసు.

"ఎవ్వలితోటి?"

"నాగర్‌కర్నూల్ బస్సు కండక్టర్‌తోటి. ఉప్పునుంతల పోయే బస్సుల చెప్పమని చెప్పిన."

"కండక్టర్‌తోటా? సావు కబురు కండక్టర్‌తోటి పంపుతరా ఎవ్వలన్న? ఆయన నాకు ఏమన్న సుట్టమా?"

"ఇంకెవ్వలున్నరే? ఇంట్ల ముసల్దాన్ని యిడిచిపెట్టి నేను పోవాల్నా? ఆయన మంచోడు లెక్క కనవడ్డడు. తల ఊపిండు."

"తల టికెట్‌కు ఊపిండు."

వార్డెనమ్మ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పింది. చిన్నక్క చాలా చిన్నగా అడిగింది.

"ముసల్ది నన్ను అడిగిందా?"

"రాత్రంత నీ పేరే. నన్ను గూడ నీ పేరు వెట్టే పిలిచింది. నేనేం కాదనలె. ఆ, అత్తమ్మా, అన్న."

చిన్నక్క ఇక తట్ట చూడలేకపోయింది. తన తట్ట పక్కకు నెట్టి, "దీంట్ల లేదు, నేను సూసిన" అని ముక్కు చీదుకుంటూ లేచింది. పెద్దక్క ఆ తట్టను తన ముందరికి లాక్కుంది. ముద్దను మళ్లీ పిసికింది. గుడ్డు చేతికి వస్తే దాన్ని కూడా రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా నొక్కింది. ఆగిపోయింది. గుడ్డు చీల్చింది. సూది పచ్చసొన లోపల నిలువుగా దిగి ఉంది. గుడ్డు మీద చూస్తే చుక్క కూడా కనిపించలేదు. ఆ గుడ్డును అంతకుముందు చిన్నక్కా చూసింది, నేనూ చూశాను.

"నువ్వు సూసిన తట్టనే" అంది పెద్దక్క.

"కండ్లున్నోళ్లం మేం. మాకేం కనవడ్తది" అంది చిన్నక్క.

అప్పటికే ఆరాధన అయిపోయినట్టు చర్చి గంట మోగింది. మళ్లీ కుట్టడానికి సమయం లేదు. పెద్ద పళ్లేల్లో అడుగున ముద్ద పరిచి, దాని మీద కోళ్లను పెట్టి, పైన నెయ్యి పోసి, నిప్పుల మీద దమ్ పెట్టాం. భోజనాలు ఆలస్యమయ్యాయి. ఎందుకు ఆలస్యమైందో వార్డెనమ్మ అందరికీ దాచకుండా చెప్పింది. పెద్దక్క గోడకు ఒదిగి నిలబడింది, ఎవరేమంటారో అని. ధరూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక తల్లి, పుణెలో మట్టి మోసి మోసి నల్లబడిన మనిషి, పళ్లెం వంక చూసి, "సూది సంగతి సరే గని, మా తెల్లకోడి యాడున్నది? అన్ని కలిపేసిండ్రా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో పెద్దక్క గోడ వదిలి వడ్డనకు వచ్చింది. చిన్నక్క ఆమె మోచెయ్యి పట్టుకొని ఏ వరసలో ఎవరి పళ్లెం ఖాళీ అయిందో చెప్తూ నడిపించింది. కోడి రుచి ఎట్లా ఉందో నాకు గుర్తు లేదు. నేను వాళ్లిద్దరినే చూస్తూ ఉండిపోయాను.

పండుగ కాగానే వనపర్తిలో కళ్ల ఆపరేషన్లు చేస్తున్నారంటే వార్డెనమ్మ పెద్దక్కకు సెలవిచ్చి పంపించింది. వంటింట్లో ఆమె చోటు ఆమెదేనని కమిటీ వాళ్లతో చెప్పి ఒప్పించింది. పెద్దక్క తర్వాత చాలా ఏళ్లు కోళ్లు కుట్టింది. శాలువా కూడా కప్పుకుంది, మోకాళ్లు, నడుము అన్నీ పోయాక, తానే అడిగి.

ఇంకో సంగతి చెప్పాలి. మాటలు కలిసిన తర్వాత వాళ్లిద్దరూ ఒక్క పూట కూడా నోరు మూయలేదు. ఉప్పు దగ్గర కొట్లాట, దారం దగ్గర కొట్లాట, కండక్టర్ సంగతి మీద వారానికోసారి కొట్లాట. వాళ్లు పలకని రోజుల్లో వంటిల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో అని నేను మనసులో అనుకునేదాన్ని. పైకి అంటే ఇద్దరూ కలిసి నా మీద పడేవాళ్లు. కొత్తగా పనిలో చేరే పిల్లలూ, మీ పక్కన నిలబడే మనిషితో మీకు పడకపోవచ్చు. కొట్లాడండి, కానీ మాట మాత్రం ఆపకండి. మా ఇద్దరక్కలకు ఎన్ని ఏళ్లు వృథా పోయాయో నేను దగ్గరుండి చూశాను.

కంటి కట్టు విప్పే రోజు నేనూ పోయాను. వనపర్తి దవాఖాన వరండాలో బెంచీ మీద పెద్దక్కను కూర్చోబెట్టారు. చిన్నక్క ఎదురుగా నిలబడింది, ముందు తననే చూడాలని. నర్సమ్మ దూది తీసి, నెమ్మదిగా కన్ను తెరవమంది. పెద్దక్క రెప్పలు కొట్టుకుంది. వెలుతురుకు నీళ్లు కారాయి. తుడుచుకొని, ఎదురుగా ఉన్న మొహాన్ని చూసింది. నెరిసిన పాపిడి, కళ్ల కింద ముడతలు, రాలిన పన్ను దగ్గర సందు, అన్నీ వరసగా చూసింది. గోడ వైపు తిరిగి కూర్చున్న ఏళ్లన్నీ ఆ మొహం మీద ఉన్నాయి.

"ఓసినీ" అంది. "గింత ముసల్దానివి ఎప్పుడైతివే?"

చిన్నక్క కొంగుతో ఆమె చెంప తుడిచింది.

"నువ్వు సూడనప్పుడు" అంది.